చిప్పబొగ్గు

నంద్యాల,
1945, మాఘ శుద్ధ దశమి.

కొలంబోలో ఉన్న మావారి పాదాలకు పుండరీకవల్లి నమస్కరించి రాసుకునే సంగతులు. ఇక్కడ అత్తగారు, మరిది వరదరాజులు, నేను క్షేమం. తమరి క్షేమం తెలుపుతూ జాబు రాయగలరు. అందరమూ క్షేమం అని రాయడం ఆనవాయితీ గనుక రెండుసార్లు అలాగే రాసి, రెండుసార్లూ కొట్టేశాను. మన ఫిట్టరు మద్దిలేటి క్షేమంగా లేడు. అందువల్ల అందరమూ అని రాయడానికి నాకు చేయి రావడం లేదు.

కవరు మీద విలాసం టైపులో కాక నా చేతిరాతలో ఉండడం చూసి ఏమిటా అనుకుని ఉంటారు. దాని సంగతి చివర చెబుతాను. ఇది కోపంతో రాస్తున్న ఉత్తరం. దారిలో సెన్సారువాళ్లు విప్పితే వాళ్లూ చదువుకోనివ్వండి. ఇందులో యుద్ధం సంగతులేమీ లేవు, మన ఇంటి సంగతులే.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు రాస్తాను, లేకపోతే జవాబు రాయలేదని మళ్లీ అంటారు. అత్తగారి మోకాలి నొప్పి తగ్గింది. మీరు పంపిన దాల్చినచెక్క చేరింది, సగం వాడలో పంచాను. కొత్త టైపుమిషను మద్రాసు నుంచి వచ్చింది, మన గుమాస్తా అబ్రహాము గారు దాని మీద రోజూ ధూళి తుడిచి బట్ట కప్పి పోతున్నారు. కొత్త బోర్డు కూడా వచ్చింది, ఆఫీసు ముందర తగిలించారు. బాగుందా అని అడిగారు. బంగారు రంగు అక్షరాలతో పైన కొలంబో, దాని కింద మద్రాసు, దాని కింద బళ్లారి ఉన్నాయి. నంద్యాల అనే మాట అట్టడుగున గోరంత ఉంది. అత్తగారిని తీసుకెళ్లి చూపించాను.

"మన ఊరు యాడ రాసినారే?" అన్నారు.

"అడుగున ఉంది అత్తా."

"అడుగునా? కూర్చోని చూడాల్నా ఏందీ?"

ఆ మాటకు నాకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే మీ పోయిన ఉత్తరంలోని వాక్యం గుర్తొచ్చి నవ్వు పోయింది. "పెరిగే కంపెనీకి ఒక్కొక్క మనిషి గురించి ఆలోచిస్తూ కూర్చునే తీరిక ఉండదు" అని రాశారు. ఆ వాక్యాన్ని నేను పది రోజులుగా చదువుతున్నాను. మీరు ఐదు ప్రశ్నలు అడిగారు, అత్తగారి మోకాలి నుంచి బోర్డు దాకా. మద్దిలేటి ఎట్లా ఉన్నాడని మాత్రం అడగలేదు.

కూర్చోవడం గురించి మీరా రాసేది? ఈ కంపెనీ లేచిందే కూర్చోవడం వల్ల. మూడేళ్ల కిందట మీరు బళ్లారిలో సర్కారు ఇంజనీరు ఉద్యోగం వదిలేసి వచ్చిన రోజు మీ పెదనాన్నగారు మన వసారాలో నిలబడి ఏమన్నారో మీరు మరిచినా నేను మరవలేదు. "ఇంజను అమ్మేది లేదు, బాగుచేసేది లేదు, ఊరికే మాటలు చెప్పి దుడ్లు అడుగుతావా? చూస్తాండు, చేతికి చిప్ప వస్తాది" అన్నారు. మీరు నవ్వి ఊరుకున్నారు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను.

యుద్ధం వచ్చి పెట్రోలు, ఇంజను నూనె కరువైన రోజులవి. ఆళ్లగడ్డలో అనంతయ్య గారి వేరుశనగ మిల్లు ఆగిపోయి నెలయింది. ఇంజను పక్కన ఇనప డ్రమ్ము పెట్టి, అందులో బొగ్గు కాల్చి, ఆ గ్యాసుతో నూనె లేకుండానే ఇంజను నడపవచ్చని మీరు చెబితే ఎవరూ నమ్మలేదు. నమ్మినవాడు మద్దిలేటి ఒక్కడే. బేతంచెర్ల రాతిగనుల్లో నీళ్లు తోడే ఇంజను దగ్గర పనిచేసి వచ్చినవాడు, అక్షరం ముక్క రాదు. సద్దిమూట తీసుకుని అనంతయ్య గారి మిల్లుకు పోయి, ఇంజను పక్కన రెండు రోజులు కూర్చున్నాడు. చేత్తో తిప్పించి విన్నాడు, వెనక్కి తిప్పించి విన్నాడు. ఎంత డ్రమ్ము కావాలో, ఏ బొగ్గు కావాలో, గాలి ఎక్కడ ఆపాలో వాడు చెబితే మీరు లెక్క కట్టారు. మిల్లు నడిచింది. ఆ సాయంత్రం మీరు ఆఫీసు గోడ మీద సుద్దతో "కూర్చోనిదే రాయవద్దు" అని రాశారు. కొత్త బోర్డు తగిలించడానికి గోడకు సున్నం వేయించమన్నారు కదా. ఆ సున్నంలో ఆ మాట పోయింది.

తరువాత అంతా గబగబా జరిగింది. శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ పోయే బస్సు బొగ్గుతో నడవడం మొదలైంది. దాన్ని చూసి నలుగురు బస్సుల వాళ్లు, వాళ్లను చూసి మిల్లుల వాళ్లు వచ్చారు. ఇప్పుడు మన సలహా మీద నడిచేవారు నలభై ఒక్కరు. బళ్లారిలో ఆఫీసు, మద్రాసులో ఆఫీసు. మద్రాసులో మీ మాట విన్న సింహళంలో ఉండే అరవ చెట్టియారు ఒకాయన తన కొబ్బరినూనె మిల్లు చూడమని కొలంబో దగ్గరి నెగొంబోకు పిలవడం, కొలంబోలో ఆఫీసు. నాకు గర్వంగానే ఉండేది. ఇప్పటికీ లేదని అనను.

పని నడిచే పద్ధతి మీకు తెలియనిది కాదు, అయినా ఎందుకు రాస్తున్నానంటే తప్పు ఎక్కడ పడిందో అందులోనే ఉంది. మద్దిలేటి ఇంజను దగ్గర కూర్చుని వచ్చి చెబుతాడు. నేను తెలుగులో రాస్తాను. అబ్రహాము గారు దాన్ని ఇంగ్లీషులో పెట్టి టైపు కొడతారు. మీరు చదివి సంతకం చేస్తారు. కంపెనీ పేరు మీ పేరే గనుక, భర్త పేరు నేను రాయకూడదు గనుక, ప్రతి కాగితం మీద నేను ఆ చోటు ఖాళీగా వదిలేస్తాను. అబ్రహాము గారు దాన్ని నింపుతారు. మూడేళ్లలో ఒక్క కాగితం మీద కూడా నేను మీ పేరు రాయలేదు.

దసరా వెళ్లాక మీరు మద్దిలేటిని నెగొంబో తీసుకెళ్లారు. వాడు నాలుగు రోజులు ఆ మిల్లులో కూర్చున్నాడు. ఆ తిండి పడక, సముద్రపు గాలి పడక చిక్కి సగమై వచ్చాడు. వచ్చిన మూడోనాడు చెప్పవలసినదంతా చెప్పాడు, నేను రాశాను, కాగితం కొలంబో చేరింది. పుష్యమాసంలో మీ టెలిగ్రాం వచ్చింది. మద్దిలేటి చెప్పిన బొగ్గుతో ఇంజను పట్టేసింది, మిల్లు ఆగిపోయింది, వాణ్ణి ఈరోజే తీసేయండి, అంతే. వరదరాజులు దాన్ని ఆఫీసులో నిలబడి చదివాడు. నేను లోపలి తలుపు దగ్గర ఉన్నాను.

"ఏమప్పా మద్దిలేటీ, అన్న ఇట్ల ఇచ్చినాడు. నువ్వేమంటావు?"

"అనేదేముంది సామీ. పట్టేసిందంటే పట్టేసిందే."

"ఏదో ఒకటి చెప్పప్పా. నేను అన్నకి రాస్తా."

"వద్దు సామీ."

స్పానర్ల సంచి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని పోయాడు. వాడు ఎదురు మాట ఎందుకు ఆడలేదో నాకు ఆరోజు అర్థం కాలేదు. వరదరాజులు ఆ పూట అన్నం తినలేదు.

తీసేయడంతో మీరు ఊరుకున్నారా? మద్రాసులో కార్డులు అచ్చు వేయించి నలభై ఒక్కరికీ పంపించారు. "మద్దిలేటి అను ఫిట్టరు మా మనిషి కాడు, అతని మాటకు మా పూచీ లేదు" అని. దొంగను పట్టుకున్నప్పుడు కూడా ఊరంతా ఇట్లా చాటించరు. ఎవరిని అడిగి పంపించారు? ఆ నలభై ఒక్క ఇంజన్ల పక్కన కూర్చున్నది వాడా, మీరా? కొలంబో హోటల్లో కూర్చున్నవారికి ఆ కార్డు ఒక కాగితం. ఆళ్లగడ్డలో, శిరివెళ్లలో, డోన్‌లో అది ఒక మనిషి నోటికాడి కూడు. ఈ పని చేసినవారు నా భర్త అని చెప్పుకోవడానికి నేను ఈ నెల రోజులూ సిగ్గుపడ్డాను. ఈ మాట రాయడానికి భయపడ్డాను, ఇప్పుడు భయం లేదు.

ఇక అసలు సంగతి. పదిరోజుల కిందట మీ ఉత్తరం వచ్చింది. అందులో మొదటిసారి జరిగింది వివరంగా రాశారు. మిల్లువాళ్లు డ్రమ్ములో రైలింజన్లో వేసే రాక్షసిబొగ్గు వేశారని, తారు కారి వాల్వులన్నీ పూడిపోయాయని, కట్టెబొగ్గు డ్రమ్ములో రాక్షసిబొగ్గు వేయకూడదని కూడా మద్దిలేటికి తెలియదా అని. చదివిన వెంటనే అబ్రహాము గారి దగ్గరికి పోయి నెగొంబో కాగితం నకలు తీయించాను.

"ఇంగ్లీషులో ఏం కొట్టినారు అబ్రహాము గారూ, ఏ బొగ్గని?"

"రైలుబొగ్గే అమ్మా. నేను ముప్పై ఏండ్లు డోన్ రైల్వేలో గుమాస్తాగా చేసినా. బొగ్గంటే నాకు అదే. అయినా ఇదో, మీరు రాసింది చూడండి. ఉత్త బొగ్గు అనే ఉండాది."

అవును, అలాగే ఉంది. ఆయన తప్పేమీ లేదు. నల్లమల కింద పుట్టిన నాకు బొగ్గు అంటే కట్టెబొగ్గు, రైలు పక్కన బతికిన ఆయనకు బొగ్గు అంటే రాక్షసిబొగ్గు. మన పెళ్లయిన కొత్తలో ఇస్త్రీ పెట్టెలోకి బొగ్గు తెమ్మంటే మీరు డోన్ నుంచి రాక్షసిబొగ్గు తెచ్చి పంచెలన్నీ మసి చేయలేదా? మీరు సంతకం చేసే ముందు ఆ కాగితం ఒక్కసారి చదివి ఉంటే, మొదటి వరుసలోనే పట్టుకునేవారు. నెలకు అరవై కాగితాలకు సంతకం చేస్తున్నానని గొప్పగా రాశారు కదా. చదివినవి ఎన్నో అది కూడా రాయవలసింది.

ఇప్పటిదాకా మిమ్మల్ని అన్నాను. ఇక నన్ను అనుకోవాలి. ఈ ఉత్తరంలో ఇంతసేపూ దీన్ని దాటవేస్తూ వచ్చాను.

మద్దిలేటి ఆరోజు నాతో ఉత్త బొగ్గు అని చెప్పలేదు. "ఆడ తుమ్మకట్టె దొరకదమ్మా. టెంకాయలు కొల్లలు. టెంకాయ చిప్పలు కాల్చి, ఆ చిప్పబొగ్గు వేయమను. అది తప్ప వేరేది వేయొద్దని రాయి" అన్నాడు. స్పష్టంగా, రెండుసార్లు. నేను కలం పట్టుకుని ఆ మాట దగ్గర ఆగిపోయాను. సముద్రం దాటిపోయే మన మొదటి కాగితం అది. శుక్రవారం పూట మూలకు పసుపు రాసి మొదలుపెట్టాను. దాని మీద చిప్ప అని నా చేత్తో రాయడమా? మీ పెదనాన్నగారి మాట వసారాలోంచి వినబడినట్టే అయింది. కొబ్బరిదేశం వాళ్లకు ఏ బొగ్గో తెలియదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, టెంకాయనూ చిప్పనూ వదిలేసి, బొగ్గు అని రాశాను.

అంతటితో అయిపోయినా బాగుండేది. రాసింది చదివి వినిపించమనడం మద్దిలేటికి అలవాటు. నేను చదివాను. కాగితంలో బొగ్గు అని ఉంటే, నోటితో చిప్పబొగ్గు అని చదివాను. వాడు తల ఊపి, "సరిగ్గ రాసినావమ్మా" అని పోయాడు.

మద్దిలేటిని వెతుక్కుంటూ మొన్న ఆళ్లగడ్డ పోయాను. అహోబిలంలో మా వాళ్లను చూసి వస్తామని వరదరాజులుతో చెప్పి, అత్తగారిని వెంట తీసుకుని బొగ్గు బస్సెక్కాను. శిరివెళ్ల దాటాక డ్రమ్ములో నిప్పు మందగించి బస్సు ఆగింది. అందరం దిగి నిలబడ్డప్పుడు జరిగినదంతా అత్తగారికి చెప్పేశాను. నిప్పు రాజుకుని బస్సెక్కాక ఆమె, "ముందు వానికి చెప్పు. నాకెందుకు చెప్తాండావ్" అన్నారు.

మద్దిలేటి అనంతయ్య గారి మిల్లులోనే ఉన్నాడు. తాను నడిపించిన ఇంజనుకు పది గజాల దూరంలో బొగ్గు మూటలు మోస్తున్నాడు. మమ్మల్ని చూసి మూట దించి తలగుడ్డ విప్పాడు. మొహమంతా మసి.

"ఏందీ మద్దిలేటీ, ఈ పని చేస్తాండావ్?"

"కార్డు వచ్చినాక ఇంజను కాడికి రానీరు గదమ్మా. వాళ్లు రానిచ్చినా నేను పోను."

"ఎందుకు పోవు?"

"నా చెవి పోయిందమ్మా. నేను చిప్పబొగ్గు అంటి. నువ్వు అట్లనే రాసి చదివి వినిపిస్తివి. కాయితం తప్పు కాదు. అది వేస్తే ఇంజను పట్టేసిందంటే, ఆ ఇంజను చెప్పింది నాకు సరిగ్గ వినబడలేదు. నాలుగు దినాలు కూర్చోని గూడ వినబడలేదంటే ఇంగ ఏం చెవి?"

అప్పుడు అర్థమైంది, వాడు టెలిగ్రాం విని ఎందుకు మాట్లాడలేదో. టెలిగ్రాంలో మద్దిలేటి చెప్పిన బొగ్గు అని ఉంది. మీ మాటను వాడు నమ్మాడు, నా మాటను నమ్మాడు, తన చెవిని తీసి పక్కన పెట్టాడు. మీరు వాడి ఉద్యోగం తీశారు, నేను తీసింది దానికంటే పెద్దది.

మిల్లులో పదిమంది ఉన్నారు. వాళ్ల ముందరే చెప్పాను, చిప్ప అనే మాట నేను వదిలేశానని, లేనిదాన్ని ఉన్నట్టు చదివానని, అక్కడ వేసింది రాక్షసిబొగ్గని. వాడు నా మీద కోప్పడతాడని చూశాను. వాడు ఒక్కటే అడిగాడు.

"అయితే నాకు బాగనే వినబడిందా అమ్మా?"

"బాగనే వినబడింది."

వాడు ఇంజను వైపు తిరిగాడు. ఎవరినీ అడక్కుండానే పోయి దాని పక్కన కూర్చున్నాడు. అనంతయ్య గారు అడ్డం చెప్పలేదు. నంద్యాలకు నాతో వచ్చేయమన్నాను. వాడు రానన్నాడు.

"కార్డు నలభై తావులకి పోయినాది. నోటిమాట మీద నేను వాపసు వస్తే, పాపమని పిలుచుకున్నారు అంటారు. పోయిన దావనే ఇంగో కార్డు పోవల్ల. అప్పుడు వస్తా."

న్యాయమే కదా. అచ్చు వేయించాలంటే మద్రాసుకు రాయాలి, మద్రాసువాళ్లు మిమ్మల్ని అడుగుతారు, మీరు ఆలోచిస్తామంటారు. అందుకని అహోబిలం పోలేదు. నంద్యాల తిరిగొచ్చి పోస్టాఫీసులో నలభై ఒక్క కార్డులు కొన్నాను. నెగొంబో కాగితంలో తప్పు కంపెనీదేనని, మద్దిలేటి చెప్పింది సరైనదని, అతను మా మనిషేనని రాశాను. చెట్టియారు గారికి కార్డు కాదు, నాలుగు పేజీల ఉత్తరమే రాశాను. ఆళ్వార్ల పాశురాలు చదవడానికి మా తాతగారు నేర్పిన అరవం ఇన్నాళ్లకు ఇట్లా పనికొచ్చింది. వాల్వులు ఎట్లా గీకాలో, గొట్టాలు దేనితో కడగాలో మద్దిలేటి ఆళ్లగడ్డలో చెప్పింది చెప్పినట్టు పెట్టాను. చిప్పను అరవంలో సిరట్టై అంటారు. ఆ మాటకు మన మాటకున్న దోషం లేదు. ఉన్నా రాసేదాన్ని.

ఆ ఉత్తరం, ఈ ఉత్తరం ఒకే టపాలో వేస్తున్నాను. ఇది మీరు చదివేసరికి అది ఆయన చేతిలో ఉంటుంది. తప్పు ఒప్పుకున్న కంపెనీ వద్దని ఆయన అంటే కొలంబో ఆఫీసు పోతుంది. దానికి మీరు నన్ను ఏమన్నా పడతాను. బోర్డు మీద పై వరుస ఒకటి చెరిపితే అత్తగారికి కూర్చోకుండానే నంద్యాల కనబడుతుంది.

ఒక్క సంగతి మిగిలింది. కార్డు అడుగున కంపెనీ పేరు ఉండాలి. ఖాళీ వదిలి అబ్రహాము గారికిస్తే ఆయన వరదరాజులును అడుగుతారు, వరదరాజులు మిమ్మల్ని అడుగుతాడు. మొదటి కార్డు ముందర పెట్టుకుని, కలం అడుగు వరుస దాకా తెచ్చి ఆపేశాను. భర్త పేరు రాస్తే ఆయనకు ఆయుక్షీణమని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. మీ మీద ఎంత కోపం ఉన్నా ఆ భయం వేరు. బియ్యం ఏరుతున్న అత్తగారు తలెత్తారు.

"ఏందీ, ఆగితివి?"

"పేరు రాయాల అత్తా."

ఆమె చేట పక్కన పెట్టారు. "వాడు పుట్టిన పదకొండోనాడు బియ్యంలో ఆ పేరు రాస్తాంటే పళ్లెం పట్టుకున్నది నేను. వాని ఆయుస్సు సంగతి నేను చూసుకుంటా. నువ్వు రాయి" అన్నారు.

నలభై ఒక్కసార్లు రాశాను. మొదటి ఐదారు అక్షరాలు వంకరగా వచ్చాయి. తరువాత కుదిరాయి. చివరిదాన్ని అత్తగారే తీసుకుని కళ్లకద్దుకున్నారు. ఆ చేత్తోనే ఈ కవరు మీద కూడా మీ పేరు రాశాను. మద్దిలేటి వచ్చాక ఆఫీసు గోడ మీద ఆ సుద్దమాట మళ్లీ రాస్తాను. మీరు వచ్చినప్పుడు కాసేపు దాని కింద కూర్చుందురు గాని.

ఇట్లు,
చక్రపాణి గారి భార్య
పుండరీకవల్లి.